అంధశునకమునకు ఇంట చోటు

ప్రశ్న: మా ఇంట రెండు కుక్కలు, ఒక పిల్లి ఉన్నవి. రెండు కన్నులును కానరాని, పదేండ్ల వీధికుక్కను తెచ్చి పెంచవలెనని నా కోరిక. ఇది తగునా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, తగునని నిస్సంశయముగా చెప్పుచున్నాను, ఏలయన, దృష్టి కోల్పోయినను ఘ్రాణమును శ్రవణమును చెడని కుక్క, మంచములు, బల్లలు ఉన్నచోటనే ఉన్నంతకాలము, ఇంటి పోకడను ముక్కుతోడను పాదములతోడను కొన్ని వారములలోనే నేర్చుకొనగలదు.

ముందుగా పశువైద్యునిచే రక్తపరీక్ష చేయించి మూత్రపిండముల స్థితిని తెలిసికొనుడు. పిడుదుల వలన వచ్చు జ్వరము కొన్ని కుక్కల చూపును సైతము హరించును గనుక, దానికిని పరీక్ష అవసరము. టీకాలు వేయించి, రెండు వారములు వేరు గదియందుంచి, అది పండుకొన్న గుడ్డను మీ కుక్కలకును, వాని గుడ్డలను దానికిని వాసన చూపి, పిమ్మట ఇంటి వెలుపల పట్టుతాళ్లతో కలిపి నడిపించినచో వైరమునకు అవకాశము తగ్గును.

అసలు ప్రమాదము మరియొకటి కలదు. కుక్కలు ఒండొంటికి చూపుతోను, తోక నిలుపుతోను చేయు హెచ్చరిక ఈ అంధజీవికి అందదు. అట్లు అందకపోవుటను ధిక్కారమని తలచి తక్కినవి మీదపడవచ్చును. కావున వాని మెడలకు చిరుగంటలు కట్టి, భోజనము వేర్వేరు గదులలో పెట్టుడు. పిల్లికి ఎత్తైన అలమర చాలును. అంధశునకము నిద్రించుచున్నప్పుడు పేరుపెట్టి పిలువక దానిని తాకరాదు. ఉలికిపడి కరచుట భయమే గాని దుష్టత్వము కాదని ఇంటి పిల్లలకు తప్పక చెప్పుడు.

మీ కుక్కలలో ఏదైనను అన్యశునకముల పొడ గిట్టక కరచునదైనచో ఈ పనికి పూనుకొనవలదు. లేనిచో జాగుచేయక తెచ్చుకొనుడు. వృద్ధశునకములను అడిగెడువారు అరుదు.