మూకచిత్రమును పలికించిన ఇత్తడి మేళము

మూకచిత్రము అను పేరు ఆ చిత్రములకు చక్కగా అతుకదు. తెరమీఁది మనుష్యులు మాటలాడకున్నను, తెరముందు పియానో వాయించువాఁడో చిన్న మేళమో ఉండుట వాడుక. పెద్ద నగరములలో నిండు వాద్యబృందమే కూర్చుండెడిది. 1927వ సంవత్సరము జనవరి 10వ తేదీని బెర్లినులో మొదట చూపఁబడిన "మెట్రోపాలిస్" అను జర్మను చిత్రమునకు గాట్‌ఫ్రీడ్ హుప్పర్ట్జ్ అట్టి సంగీతమును ప్రత్యేకముగా రచించెను.

ఆ చిత్రమును తీసినవాఁడు ఫ్రిట్జ్ లాంగ్. కథ భావికాలపు మహానగరమున జరుగును. ధనికులు ఆకాశమునంటు మేడలలో విహరింతురు. పనివారు భూగర్భమున పది గంటల వంతులతో యంత్రములను సేవింతురు. గడియారమువంటి యంత్రపు ముండ్లను రెండు చేతుల త్రిప్పుచు సోలిపోవు కార్మికునిఁ జూచి, యజమాని కుమారుఁడు వాని స్థానమునఁ దాను నిలుచును. ఈ ఘట్టమును ఒకమారు చూచినవారు మఱవలేరు. తొలి ప్రదర్శనముల పిమ్మట చిత్రమును కత్తిరించి రమారమి నాలుగవ వంతు పోఁగొట్టిరి. 2008లో బ్యూనస్ ఐరిస్ నగరమున దాదాపు పూర్ణమైన ప్రతి యొకటి బయల్పడఁగా, 2010లో చిత్రము తిరిగి కూర్పఁబడెను. ఏ దృశ్యము దేని తరువాత రావలెనో తేల్చుటకు హుప్పర్ట్జ్ స్వరపత్రములు మిక్కిలి తోడ్పడినవి. వానిలో దృశ్యసూచనలు వేయికి పైగా వ్రాయఁబడి యుండెను!

ఈ చిత్రమునుండియే స్ఫూర్తిగొని, స్కాట్లండు దేశీయుఁడగు పీటర్ గ్రాహం ఈ శతాబ్దమున "మెట్రోపాలిస్ 1927" అను కృతిని బ్రాస్ బ్యాండు కొఱకు రచించెను. చిత్రము లేకయే సభలో వినుటకు వ్రాసిన సంగీతమిది. బ్రాస్ బ్యాండనఁగా కార్నెట్లు, హార్నులు, ట్రాంబోనులు, యూఫోనియములు, పెద్ద బాసు వాద్యములు, వానితో డప్పులు తాళములు. తంత్రీవాద్యము లుండవు; పిల్లనగ్రోవియు క్లారినెట్టును సైతము ఉండవు.

వయొలిను లేని మేళము ఇంతటి కథకుఁ జాలునా యని కొందఱు సంశయింపవచ్చును. మాకు మాత్రము దీనికంటెఁ దగిన మేళము తోఁచదు. ఇంగ్లండులో ఇట్టి బ్యాండులు పెరిగినది గనులయొద్దను మిల్లులయొద్దను. యార్క్‌షైరులోని క్వీన్స్‌బరీ గ్రామపు ఉన్నిమిల్లు పేర 1855లో వెలసిన బ్లాక్ డైక్ బ్యాండు నేఁటికిని వాయించుచున్నది. గ్రాహం దానికై కొన్ని కృతులు రచించెను. పగలెల్ల యంత్రముతోఁ బెనఁగిన చేతులే సాయంకాలము కార్నెట్టు పట్టినవి. పనివాని కథను పనివాని వాద్యము పలుకుట న్యాయమే కదా!

ఇంకొక సంగతి. ఈ వాద్యములు పెదవుల అదురుచేతఁ బలుకును. పెక్కింటికి మూడేసి మీటలుండును. వానిని నొక్కి గాలి పోవు గొట్టపు పొడవును మార్చి స్వరములఁ దెచ్చుకొందురు. ఒకే లయను యంత్రమువలె విడువక సాగించుట వీనికి సాధ్యమే. కాని యంత్రమునకు ఊపిరి అక్కఱలేదు, వాయించువానికిఁ గావలెను. దీర్ఘమైన వరుసలలో నాదము తెగకుండుటకై ప్రక్కప్రక్కనున్నవారు వేర్వేఱు చోటుల ఊపిరి తీయుదురు.

చదువరులారా, ఇట్టి కృతిని వినునపుడు ఏ స్వరము ఏ దృశ్యమో యని వెదకుచుఁ గూర్చుండుట వ్యర్థశ్రమ. లయ బిగిసినచోటఁ జెవి యొగ్గి, వరుసలో ఎవరు ఎక్కడ ఊపిరి తీసిరో పట్టుకొనఁ జూడుఁడు. మొదటిసారి దొరకదు, రెండవసారి దొరకవచ్చును.