ఫోను ఎవరి చేతిలో నున్నది?

నాగాయలంక

చిరంజీవి మనుమరాలికి తాతయ్య దీవించి వ్రాయునది.

పారా లీగల్ వాలంటీరుగా శిక్షణ పొందితివనియు, ఇంటిలో హింసకు గురియగు స్త్రీలకు చట్టవిషయములను తెలుగులో వ్రాసి ఫోనులద్వారా అందజేయ సంకల్పించితివనియు తెలిసి, నలువది యేండ్లు అవనిగడ్డ, బందరు కోర్టుల మెట్లెక్కి దిగిన నేను పొందిన సంతోషము ఇంతింత యనరానిది. కాని నీవు జతపరచిన ముసాయిదా సెక్షన్లతో మొదలైనది. చదువబోవు ఆమె, తెర వెలుగు పక్కగదిలోనికి పోకుండ కొంగు అడ్డము పెట్టుకొని, అత్తగారి దగ్గు వినబడగానే తెర ఆర్పి, సద్దు మణిగిన తరువాత మరల వెలిగించి చదువును. ఆమెకు దొరకు రెండు నిమిషములలో సెక్షను సంఖ్య ఏమి చేసికొనును?

1902లో బందరున పుట్టిన కృష్ణాపత్రికను మా వీధి అరుగుమీద ఒకరు చదువగా పదిమంది వినుట నా బాల్యమున చూచితిని. ఆ చదువునకు చాటు అక్కరలేదు. నీవు వ్రాయుదానిని చదువు స్త్రీకి చాటే ప్రాణరక్ష.

ఈ సంగతి నేను ఆలస్యముగా నేర్చితిని. కొన్నేండ్ల క్రిందట, రొయ్యల చెరువులమీద పనికి పోవు ఒక ఇల్లాలు, తన కూలిడబ్బులు భర్త లాగుకొనుచున్నాడనియు, అడిగినచో కొట్టుచున్నాడనియు పొరుగింటివారి ఫోనులో నాకు చెప్పుకొన్నది. నేను ఉత్సాహముకొద్దీ ఆ రాత్రియే, దరఖాస్తు ఎట్లు పెట్టవలెనో వివరించి, ఆమె యింటి ఫోనునకు సందేశము పంపితిని. దానిని ముందుగా చదివినవాడు భర్త. మరునాడు ఆమె ఎడమచేయి కొంగుతో చుట్టుకొని వచ్చి, ఎంత అడిగినను ఆ చుట్టు విప్పక, "మీరు నా మంచికే పంపారు బాబుగారూ" అన్నది. ఆమె నన్ను తిట్టియున్న నాకింత బాధ యుండెడిది కాదు.

అందుచేత, అమ్మాయీ, ఎవరి ఫోనునుండి మాటాడుచున్నారు, తిరిగి చేయవచ్చునా, ఏ వేళ చేయవచ్చును అని అడుగక ఒక్క అక్షరమైనను పంపకుము. అమెరికాలో 2000లో మొదలైన విమెన్స్‌లా అను న్యాయసమాచార సైటులో, ఎవరైన వచ్చినచో పుటను తటాలున మూసివేయుటకు ఒక మీట యున్నది. అటువంటిది నీవును పెట్టవలెను. పుట మూసినను చదివిన జాడ ఫోనులో మిగులునని చెప్పుము. జాడలన్నియు ఒక్కసారిగా చెరిపినచో అదియే అనుమానమునకు తావగునని కూడ చెప్పుము. అతడు పంపిన బెదిరింపు సందేశములను మాత్రము ఎంత అసహ్యమైనను చెరుపరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రముతో అవి కోర్టులో సాక్ష్యమగును. ఆ సందేశములున్న ఫోనును పారవేయవద్దనుము.

ఇక చట్టము. వచ్చినవారిలో పదింట తొమ్మండుగురు నన్ను మొదట అడిగినది "కేసు పెడితే మా ఆయన్ని జైల్లో వేస్తారా?" అనియే. వారికి కావలసినది దెబ్బలు ఆగుట, పిల్లలకు కూడు. 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చిన 2005 నాటి గృహహింస చట్టము సరిగా వారికొరకే యేర్పడినది: విడాకులు కోరకయే, భర్తను జైలుకు పంపకయే, కొట్టరాదను ఉత్తర్వును, ఇంటిలో నివాసమును, ఖర్చులకు సొమ్మును మేజిస్ట్రేటు నడుగవచ్చును. ఉత్తర్వును ధిక్కరించినప్పుడే ఏడాదివరకు జైలు గాని, 20,000 రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని. కూలిడబ్బు లాగుకొనుట సయితము ఆ చట్టము దృష్టిలో హింసయే; దానికి ఆర్థికహింస యని పేరు. క్రూరత్వమునకు శిక్ష కోరు కేసు వేరొక దారి. రెంటిని కలిపి వ్రాసి ఆమెను బెదరగొట్టకుము.

హైదరాబాదులో కాపురము చెడి ఎదురుమొండి దీవిలోని పుట్టింటికి చేరిన పిల్ల మరల హైదరాబాదు పోనక్కరలేదు. తాత్కాలికముగానైనను తానున్న చోటి కోర్టులోనే గృహహింస కేసు (డి.వి.సి.) వేయవచ్చును. ఏటిమొగ రేవు దాటుటే గగనమైనవారికి ఇది ఎంత మేలో నీవూహింపుము. "ఇల్లు మామగారి పేర ఉంది, పొమ్మంటున్నారు" అనువారికి, తాను కాపురము చేసిన ఇల్లు మామగారిదైనను నివాసహక్కు అడుగవచ్చునని సతీశ్ చందర్ ఆహూజా కేసులో 2020 అక్టోబరు 15న సుప్రీంకోర్టు చెప్పిన మాట చెప్పుము. దరఖాస్తును అరువది దినములలో తేల్చుటకు ప్రయత్నింపవలెనని చట్టమున్నది, నిజమే. వాయిదాలు అంతకంటె సాగుట నేను కన్నులార చూచితిని. కావున మధ్యంతర ఉత్తర్వు మొదటిరోజుననే కోరవలెనని తప్పక వ్రాయుము. ఆశపెట్టి మోసపుచ్చుట మనకు తగదు.

వకీలు రుసుము తలచుకొని వెనుదీయువారు పెక్కుమంది. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము కలదు. బందరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ యున్నది, 15100కు ఫోను చేసిన చాలును. స్త్రీల సహాయమునకు 181. దెబ్బలు పడుచున్న క్షణమున మాత్రము 112. ఈ మూడు అంకెలను పుట తలభాగమున పెద్ద అక్షరములలో పెట్టుము.

అమెరికాకు కాపురమునకు పోయిన మన దివిసీమ పిల్ల నిన్నడిగినచో మన చట్టము వల్లించకుము. అక్కడి చట్టము వేరు, వీసా చిక్కు వేరు. న్యూజెర్సీలో దక్షిణాసియా స్త్రీలకొరకు 1985లోనే వెలసిన మానవి వంటి సంస్థలవైపు దారి చూపుము.

నీ ముసాయిదాలో "వ్యథిత వ్యక్తి", "ప్రతివాది" అను మాటలు నాకు అలవాటే గాని ఆమెకు కావు. శనివారము వచ్చునప్పుడు ఆ కాగితములు తెమ్ము. అరుగుమీద కూర్చుండి మీ నానమ్మకు బిగ్గరగా చదువుదువుగాక, ఆమె "అంటే ఏమిటే?" అని ఆపిన చోటనెల్ల నేను పెన్సిలుతో గీత గీయుచుందును.

ఆశీస్సులతో,
మీ తాతయ్య