కల్తీకల్లు - మెదడు

2025వ సంవత్సరము జూలై నెలలో బాలానగరమునకు చేరువనున్న కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఆ కల్లును పరీక్షింపగా ఆల్ప్రజోలాము అను నిద్రమందు బయటపడెను. ఈ మందు మెదడునందేమి చేయునో విచారింతము.

మన నాడీకణములు రసాయనముల మూలమున సంభాషించును. వానిలో కొన్ని కణములను ప్రేరేపించును. ‘గాబా’ యనునది శాంతింపజేయును. గాబా సోకగా కణద్వారములు తెఱచుకొని, క్లోరైడు లోనికి జొచ్చి, ఉద్రేకము నణచును. ఆల్ప్రజోలాము గాబాకు తోడై, ఆ ద్వారములు మాటిమాటికి తెఱచుకొనునట్లు చేయును. అందుచే భయమడగును, నిద్ర వచ్చును. కల్లులోని ఆల్కహాలు దానితో గలసిన శ్వాసమే మందగింపవచ్చును.

దినదినము సేవించినచో మెదడు దానికలవాటుపడి, గాబా మాటను మునుపటివలె ఆలకింపదు. అప్పుడు హఠాత్తుగా మానిన, కళ్లెము తెగిన గుఱ్ఱమువలె ఉద్రేకము చెలరేగును. వణకు, నిద్రలేమి, భ్రాంతి, మూర్ఛలు గలుగును. ప్రాణమునకును ముప్పు రావచ్చును. 2015లో తెలంగాణమున కల్తీని అరికట్టినప్పుడు ఇట్టి లక్షణములతో అనేకులు ఆసుపత్రులు చేరిరి.

కావున కల్లు మానుమని బోధించు మనము ఒక్క సంగతి మఱువరాదు. అలవాటుపడినవానిని వైద్యుని యెదుట నిలిపి, మోతాదు క్రమక్రమముగా తగ్గించి మాన్పింపవలయును. దండనము కల్తీ చేసినవానికి, చికిత్స త్రాగినవానికి. ఇదియే న్యాయము.