ఆలస్యంగా వచ్చినవాళ్ళకీ పీట వెయ్యి

చిరంజీవి అమ్మలుకి,

నీ మెయిలు రాత్రి నేను చదువుకుని, పొద్దున్న కాఫీ దగ్గర మీ అత్తయ్యకి చదివి వినిపించాను. మీ కంపెనీ ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌ని విండోస్ నుంచి లైనక్స్‌కి మార్చే పని నీ చేతుల్లో పెట్టారన్న చోట ఆవిడ మొహం చేటంతైంది, రాత్రిళ్ళు మేలుకోవాలన్న చోట అదే మొహం చిన్నబోయింది. వేళకి తింటోందో లేదో అడగమంది, అడుగుతున్నాను. జవాబు నాక్కాదు, ఆవిడకి రాయి.

ఇక నీ మెయిల్లో నా మనసు ఆగిన చోటు వేరే ఉంది. ఇరవయ్యేళ్ళు విండోస్ మీదే పనిచేసిన మీ సీనియర్, లైనక్స్‌లో ఫైళ్ళ జాబితా చూపే కమాండు గురించి "ఎల్‌ఎస్ అంటే ఏమిటమ్మా?" అని అడిగితే భోజనాల దగ్గర అందరూ నవ్వారనీ, నువ్వూ నవ్వావనీ రాశావు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా కాలేజీ ల్యాబ్‌కి వచ్చి, అటెండర్ తాతకి ఒక్కో అక్షరం ఏ మీట మీదుందో వేలుపెట్టి చూపిస్తూ ఆయన పేరు ఆయన చేతే టైపు చేయించిన పిల్లవి నువ్వు. అందుకే నీకో పాత సంగతి చెప్పాలనిపించింది.

1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు సరదాకి మొదలుపెట్టిన లైనక్స్, కొన్నేళ్ళకి పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీల్లో మా ల్యాబ్ దాకా చేరింది. పాత మిషన్ల మీద దాన్ని ఎక్కించుకుని పిల్లలు క్లాసులయ్యాక కూడా ఇళ్ళకి కదిలేవారు కాదు. కానీ ఎవరితో చెప్పినా ఒకటే ప్రశ్న: "అంతా బాగుంది, దీని మీద ఒరాకిల్ నడుస్తుందా?" బ్యాంకులూ ఫ్యాక్టరీలూ నమ్ముకున్న డేటాబేస్‌లెన్నో ఖరీదైన యూనిక్స్ యంత్రాల మీదా, విండోస్ ఎన్‌టీ మీదా ఉండేవి. ఆగలేనివాళ్ళు కొందరు ఎస్‌సీఓ యూనిక్స్ కోసం చేసిన ఒరాకిల్‌నే తెచ్చి, ఐబీసీఎస్ అనే చిన్న తోడు పెట్టి లైనక్స్ మీద నడిపించారు. ఎలా చేశారో మెట్టు మెట్టుగా రాసి, ముఖం కూడా తెలియనివాళ్ళ కోసం అందరికీ అందేలా పెట్టారు. వాళ్ళకి దాని వల్ల పైసా రాలేదు. అమ్మలూ, నాకు ఆ టెక్నాలజీ కంటే ఆ ఓపికే ఎక్కువ గుర్తుంది.

తర్వాత 1998 జులైలో ఇన్ఫార్మిక్స్, ఒరాకిల్ ఒకదాని వెనక ఒకటి లైనక్స్‌కి వస్తున్నామని ప్రకటించాయి. సైబేస్ ఆ ఏడే తన డేటాబేస్‌ని లైనక్స్ మీద ఉచితంగానే ఇచ్చింది, ఏడాది చివరికి ఐబీఎం డీబీ2 కూడా పరీక్షకి దిగింది. ప్రేమతో వచ్చారనుకోకు. ఇంటెల్ మిషన్లు చవకయ్యాయి, అవతల మైక్రోసాఫ్ట్ తన ఎన్‌టీనీ, ఎస్‌క్యూఎల్ సర్వర్‌నీ కలిపి తోస్తోంది, లెక్క కుదిరింది, వచ్చారు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారని గొణిగినవాళ్ళు లేకపోలేదు గానీ, ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్స్‌లోనే రాసిన ఇంట్లో పీట వెయ్యం అనడానికి వీల్లేదు. ఆ ఇంట్లోనూ లోటు లేకపోలేదు: మామూలు పీసీల మీద ఒక ఫైలు 2 జీబీ దాటితే కుదిరేది కాదు, 2001 జనవరిలో లైనక్స్ గుండెకాయ కెర్నల్ 2.4 వచ్చాకే ఆ ఇబ్బంది తీరింది. వచ్చినవాళ్ళూ ఊరికే కూర్చోలేదు, ఒరాకిల్ ఇంజనీర్లు రాసిన ఓసీఎఫ్ఎస్2 అనే ఫైల్ సిస్టమ్ 2006లో కెర్నల్‌లోనే కలిసింది.

అందరికంటే ఆలస్యంగా వచ్చింది ఎవరో నీకు తెలుసు, నీ జీతం దాని మీదే. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ లైనక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో పగ్గాలు అందుకున్నాక, 2016 మార్చిలో ఎస్‌క్యూఎల్ సర్వర్ లైనక్స్‌కి వస్తుందన్నారు, 2017 అక్టోబరులో తెచ్చారు. అంత మాట అన్నవాళ్ళ సరుకుకే చోటిచ్చిన లైనక్స్ మీద పనిచేస్తూ, తెలియనిది తెలియదని నిజాయితీగా అడిగిన పెద్దమనిషిని చూసి నవ్వితే ఎలా తల్లీ?

మంచితనమంటే కళ్ళు మూసుకోవడమనీ అనుకోకు. కింద లైనక్స్ ఉన్నంత మాత్రాన పైన డేటాబేస్ మనదైపోదు, దాని కోడ్ మూసే ఉంది, కోర్‌కింతని బిల్లు వస్తూనే ఉంటుంది. లైసెన్స్ కాగితం నువ్వే పూర్తిగా చదువు. విండోస్‌లో తీసిన బ్యాకప్‌ని కొత్త సర్వర్ మీద నీ చేత్తో ఎక్కించి, డేటా సరిచూసుకున్నాకే మేనేజర్‌కి సరేనను.

సోమవారం వెళ్ళగానే ఆ సీనియర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. ఏ జాబ్ ఏ రాత్రి నడుస్తుందో, ఏ టేబుల్ ఎందుకలా పెట్టారో ఆయనకి తెలుసు, నీకు తెలియదు. ఆయన్ని అవన్నీ అడిగి రాసుకో, నువ్వు ఆయనకి ఎల్‌ఎస్ నుంచి మొదలుపెట్టి నేర్పు.

ఇట్లు,
మీ మామయ్య