ఈస్టరు ఉదయము

క్రైస్తవ కుటుంబములకు ముఖ్యమైన పండుగలు రెండు. యేసుక్రీస్తు జననమును స్మరించునది క్రిస్మస్. ఆయన మరణమును జయించి తిరిగి లేచెనను విశ్వాసముతో జరుపునది ఈస్టరు. క్రిస్మస్‌నాడు ఇండ్లపై నక్షత్రదీపములు వెలుగును. వీథులలో పాటలు వినవచ్చును. కావున ఆ పండుగ ఇరుగుపొరుగువారికిని బాగుగా తెలియును. ఈస్టరు వేడుక అంతగా వెలికి కానరాదు. అది తెల్లవారకమునుపే, పెక్కుచోట్ల సమాధులనడుమ, ఆరంభమగును. సంతోషముతో జరుపవలసిన పండుగ శ్మశానమున ఆరంభమగుటేల? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో ఈస్టరు భావము తెలిసినట్లే.

క్రిస్మస్‌వలె ఈస్టరునకు నియతమైన తేదీ లేదు. మార్చి 21వ తేదీన గాని, ఆ పిమ్మట గాని వచ్చు మొదటి పున్నమకు తరువాతి ఆదివారమే ఈస్టరు. అందుచే అది మార్చి 22కును ఏప్రిల్ 25కును నడుమ వచ్చును. తూర్పుదేశములలోని ప్రాచీన సంఘములు కొన్ని వేరొక పంచాంగము ననుసరించుటచే, వారి పండుగ తరచుగా మరియొక ఆదివారమున వచ్చును.

పండుగకు ముందు ఆదివారములను విడిచి నలుబది దినములు శ్రమకాలముగా పాటింపబడును. ఆ దినములలో కొందరు మాంసము మానుదురు. కొందరు ఒకపూట భోజనము మాని, దానికగు వ్యయమును పేదలకిత్తురు. చివరి వారము మట్టల ఆదివారముతో మొదలగును. ఆనాడు పిల్లలు పచ్చని మట్టలను చేతబట్టి పాడుచు నడతురు. శుభశుక్రవారమున మధ్యాహ్నము పన్నెండు గంటలనుండి మూడు గంటలవరకు, సిలువపై యేసు పలికిన ఏడు మాటలను గూర్చి అనేక మందిరములలో ప్రసంగములు జరుగును.

సువార్తలు చెప్పు వృత్తాంతమిది. శుక్రవారము యేసును సిలువ వేసిరి. ఆ సాయంకాలమే ఆయన దేహమును రాతిలో తొలిచిన సమాధియందుంచి, ద్వారమునకు పెద్దరాయి దొర్లించిరి. మరునాడు యూదుల విశ్రాంతిదినము. ఆదివారము వేకువనే మగ్దలేనే మరియయు, మరికొందరు స్త్రీలును సుగంధద్రవ్యములు తీసికొని సమాధికడకు బయలుదేరిరి. వారు పండుగ చేయుటకు పోలేదు. మృతుడైన గురువునకు కడపటి ఉపచారము చేయుటకు పోయిరి. అంతటి రాతిని తమకెవరు తొలగింతురని దారిపొడుగునను చింతించిరి. పోయి చూడగా రాయి తొలగియుండెను. సమాధి శూన్యముగా నుండెను. పునరుత్థాన వార్తను మొదట విన్నవారు రాజులు కారు, పండితులు కారు. కన్నీటితో నడచివచ్చిన ఆ స్త్రీలే.

అటుపిమ్మట పేతురు కథ వచ్చును. యేసును బంధించిన రాత్రి, ఆయన ఎవరో తానెరుగనని ముమ్మారు బొంకిన శిష్యుడతడు. ఒకనాటి ఉదయమున గలిలయ సరస్సు ఒడ్డున యేసు నిప్పులపై చేపలు కాల్చి, శిష్యులకు రొట్టెతోకూడ పెట్టెను. భోజనమైన పిదప, తన్ను ప్రేమించుచున్నావాయని పేతురును మూడుసారులడిగెను. గడచిన రాత్రి మాట ఎత్తలేదు. తన మందను మేపు పనిని అతనికే అప్పగించెను. కావున ఈస్టరు మృత్యువును గూర్చిన పండుగ మాత్రమే గాదు. తెగిన బంధము తిరిగి అతుకుటను గూర్చిన పండుగయును.

1732లో జర్మనీదేశమున హెర్న్‌హూట్ గ్రామమునందలి మొరేవియను సంఘపు యువకులు కొందరు, ఈస్టరునాడు వేకువనే కొండమీది శ్మశానమునకు పోయి, సమాధులనడుమ కీర్తనలు పాడిరి. సూర్యోదయారాధనలలో ప్రసిద్ధికెక్కిన మొదటి ఆరాధన అది. తెలుగునాటను పెక్కు ఊళ్లలో క్రైస్తవులు ఆ ఉదయము సమాధులకు సున్నము వేసి, పూలుంచి, కొవ్వొత్తులు వెలిగింతురు.

కృష్ణాతీరమున ఒక పల్లెలో అట్టి కుటుంబమొకటి కలదనుకొందము. నాయనమ్మ చనిపోయి ఏడాది కాలేదు. పొలము పంచుకొన్ననాటినుండి ఆమె కుమారులిరువురికిని మాటలు లేవు. శనివారము సాయంకాలము పెద్దకుమారుడు తన బాలునితో సున్నపుకుండ తీసికొని పోయెను. అప్పటికే సమాధిచుట్టు గడ్డి పెరికియుండెను. తమ్ముడు వచ్చి పోయెనని అతడు గ్రహించెను. కాని ఏమియు అనలేదు.

వేకువను రెండు కుటుంబములును ఆ సమాధికి చెరియొక వైపున నిలిచినవి. బాలుడు, “నాన్నా, యేసుప్రభువు లేచెను గదా, నాయనమ్మ కూడ ఇప్పుడు లేచి వచ్చునా?” యని అడిగెను. తండ్రికి వెంటనే మాట పెగలలేదు. కొంతసేపటికి, “ఇప్పుడు రాదు, నాయనా. ఆమె లేని లోటు మనకు తీరదు. కాని ఆమె దేవుని చేతిలో నున్నదనియు, ఒకనాడు ఆమెను మరల చూతుమనియు మన నమ్మకము” అనెను. పిదప తలయెత్తి, “తమ్ముడూ, పిల్లలను తీసికొని ఇంటికి రా. ఈ పూట అందరమును కలిసి తిందము” అనెను. తమ్ముడు బదులు పలుకలేదు. కాని మందిరములో ఆరాధన ముగిసిన తరువాత అతని పిల్లలు పెదనాన్న ఇంటి దారి పట్టిరి. అతడును వారివెనుక మెల్లగా నడచెను.

ఆ ఒక్కపూట భోజనముతో పొలము తగవు తీరిపోయెనని చెప్పరాదు. తీర్చుకొనుటకు దారి మాత్రము తెరువబడినది. సమాధికడకు పోవు స్త్రీలు ఎత్తలేమని భయపడిన రాయి వారు చేరునప్పటికే తొలగియుండెను. అయినను వారు ఇల్లు కదలక కూర్చుండినచో ఆ సంగతి తెలియకయే యుండెడిది. దుఃఖమును దాచక, దానికి లొంగక, వేకువచీకటిలోనే బయలుదేరుట ఈస్టరు క్రైస్తవ కుటుంబములకు నేర్పు పాఠము.