48 అడుగులా? 48 మీటర్లా? – నది మట్టం అంకెలు చదవడం ఎలా



వానాకాలం వచ్చిందంటే హైదరాబాదు పేపర్లలో ఒక అంకె తప్పకుండా కనిపిస్తుంది. హుస్సేన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 513.41 మీటర్లు అని. మన మోతీనగర్‌లో గట్టి వాన పడ్డ మర్నాడు పేపరు చదివే తమ్ముళ్ళకు అనుమానం వస్తుంది, ఏమిటీ, చెరువు అర కిలోమీటరు లోతు ఉందా అని. లేదు. ఆ 513 చెరువు లోతు కాదు. చెరువు నీళ్ళ పైభాగం సముద్ర మట్టం కంటే ఎంత ఎత్తున ఉన్నదో చెప్పే అంకె. హైదరాబాదే సముద్రానికి అంత ఎత్తున ఉంది గదా!

కాబట్టి నీటిమట్టం అంకె కనిపించగానే అడగవలసిన ప్రశ్న "ఎంత?" అని కాదు, "ఎక్కడి నుంచి ఎంత?" అని. ఈ ప్రశ్న మన హాస్టల్ పిల్లలకు ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చెబుతాను. మనలో చాలామందివి గోదావరి ఒడ్డు ఊళ్ళు, శబరి ఒడ్డు ఊళ్ళు.

భద్రాచలం దగ్గర గోదావరికి మూడు ప్రమాద హెచ్చరికలు ఉన్నాయి. 43 అడుగులకు మొదటిది, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది. ఇవి ఏజెన్సీలో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. 1986 ఆగస్టులో నీళ్ళు 75.6 అడుగులకు వచ్చాయి. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చాయి. ఇవన్నీ అక్కడి స్కేలు మీది అడుగులు.

ఇప్పుడు కేంద్ర జల సంఘం వాళ్ళు అదే గోదావరి మట్టాన్ని ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. ఎవరైనా చూడవచ్చు. కానీ అక్కడ ఉండేది మీటర్లు, అదీ సముద్ర మట్టం నుంచి లెక్క. అందులో భద్రాచలం హెచ్చరిక మట్టం 45.72, ప్రమాద మట్టం 48.77 అని ఉంటుంది. ఇక్కడే మోసపోతాం. 48.77 అని చూసిన పిల్లవాడు "ఆ, రెండో హెచ్చరిక దాటింది, ఇంకా ఐదడుగులు టైముంది" అనుకుంటాడు. నిజానికి అప్పటికే మూడో హెచ్చరిక వచ్చేసింది!

లెక్క చేసి చూద్దాం. ఒక అడుగు అంటే 0.3048 మీటర్లు. 48.77ను 0.3048తో భాగిస్తే 160 అడుగులు. స్కేలు మీద అది 53. తేడా 107. అట్లాగే 45.72ను భాగిస్తే 150 అడుగులు, స్కేలు మీద 43. మళ్ళీ తేడా 107. 1986 వరద మట్టం మీటర్లలో 55.66. భాగిస్తే 182.6 అడుగులు. అందులోంచి 107 తీసేస్తే 75.6. సరిపోయింది! అంటే భద్రాచలం స్కేలు మీది సున్నా, సముద్ర మట్టం కంటే 107 అడుగుల ఎత్తున ఉన్నదన్నమాట. మీటర్లను 0.3048తో భాగించు, 107 తీసెయ్యి. అంతే. 2022 వరదకు ఇదే లెక్క వెనక్కి చేయండి, 54.35 మీటర్లు రావాలి.

తప్పు ఇంకో వైపు కూడా జరగవచ్చు. 43.00 అని చూసి మొదటి హెచ్చరిక వచ్చిందని ఇంటికి ఫోన్ చేస్తే ఊరంతా హడలిపోతుంది. నిజానికి అది స్కేలు మీద 34 అడుగులే. రెండుసార్లు ఇట్లా భయపెడితే మూడోసారి మన మాట ఎవరూ నమ్మరు.

ఇక ఆ అంకె అక్కడికి ఎట్లా వస్తుంది? పూర్వం ఒక మనిషి ఒడ్డుకు పోయి స్కేలు చూసి రాసేవాడు. మామూలు రోజుల్లో పొద్దున 8 గంటలకు, వరదలో గంట గంటకూ. ఆ పని ఇప్పటికీ ఉంది. దాంతోపాటు చాలాచోట్ల మిషన్లు వచ్చాయి. ఒక రకం వంతెన మీద ఉండి కిందికి రాడార్ తరంగం పంపుతుంది. అది నీళ్ళకు తగిలి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. మిషన్ 60 మీటర్ల ఎత్తున ఉండి, నీళ్ళ దాకా 14 మీటర్లు ఉంటే, మట్టం 46. ఇంకో రకం నీళ్ళలో మునిగి ఉండి, పైనున్న నీళ్ళ బరువును బట్టి లోతు చెబుతుంది. పక్కన సోలార్ పలక, బ్యాటరీ, లెక్కలు దాచే డబ్బా ఉంటాయి. ఆ డబ్బా శాటిలైట్ ద్వారానో సెల్‌ఫోన్ టవర్ ద్వారానో అంకెలు ఆఫీసుకు పంపుతుంది. కరెంటు పోయినా, రోడ్డు మునిగినా పంపగలదు. మనిషికన్నా దానికున్న మేలు అదే. కానీ రాడార్ కింద చెట్టు మొద్దు కొట్టుకొచ్చి ఆగితే దాన్నీ నీళ్ళే అనుకుంటుంది! మనిషికి ఆ పొరపాటు రాదు. అందుకే స్కేలు చూసే మనిషిని తీసెయ్యకూడదని నా అభిప్రాయం.

స్క్రీన్ మీద చూడడం వేరు, పాత లెక్కలు డౌన్‌లోడ్ చేసుకోవడం వేరు. ఇండియా-డబ్ల్యూ.ఆర్.ఐ.ఎస్. అనే కేంద్ర ప్రభుత్వ సైటులో నదుల మట్టాలూ భూగర్భ జలాల మట్టాలూ ఉంటాయి. అక్కడి నుంచి లెక్కలు తీసుకొని కంప్యూటర్ ల్యాబ్‌లో ఎక్సెల్‌లో తెరిస్తే వరుసగా స్టేషన్ పేరు, తేదీ, అంకె ఉంటాయి. తేదీ దగ్గర బహు జాగ్రత్త. 07-08 అని ఉంటే మనకు ఆగస్టు 7. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే దానికది జూలై 8. రెండూ వరద నెలలే కాబట్టి గ్రాఫ్ చూస్తే తప్పు దొరకదు కూడా. 13వ తారీఖు నుంచి తేదీలు సరిగా పడుతున్నాయో లేదో చూస్తే బయటపడుతుంది, 13వ నెల లేదు గదా. సమయం గ్రీన్‌విచ్ టైములో ఉంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. వరదలో ఐదున్నర గంటలంటే ఒక ఊరు ఖాళీ చేసే టైము.

ఖాళీ గడి ఉంటే అందులో సున్నా వెయ్యకండి. ఖాళీ అంటే "తెలియదు", సున్నా అంటే "స్కేలు సున్నా దగ్గర ఉంది". రోజుకు ఒక్క అంకె ఉన్న ఫైలయితే, పొద్దున 8కి, మర్నాడు 8కి మధ్య రాత్రి వచ్చి పోయిన పోటు అందులో కనిపించకపోవచ్చు. గంట గంటకూ ఉన్న ఫైలు దొరికితే అదే తీసుకోవాలి. ఒక్క గంటలో నాలుగు మీటర్లు పెరిగినట్టుంటే ముందు పైనున్న పేరూరు, దుమ్ముగూడెం అంకెలు చూడాలి. అక్కడ పెరగకుండా భద్రాచలంలో ఒక్కసారి అంత పెరగడం అనుమానమే.

భూగర్భ జలం సంగతి తిరగేసి ఉంటుంది. నేల మీది నుంచి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చెబుతారు. 8 మీటర్లు పోయి 12 అయితే నీళ్ళు పెరిగినట్టు కాదు, తగ్గినట్టు. బోరింగు కొట్టే అమ్మలకు ఇది చెప్పక్కర్లేదు.

వార్డెన్ సార్లకు, మేడములకు ఒక మనవి. జూలై నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు ఆఫీసు కంప్యూటర్‌లో చూసి నోటీసు బోర్డు మీద ఈ విధంగా రాయిస్తే ఇళ్ళ గురించి దిగులుపడే పిల్లలకు మేలు: స్టేషన్ భద్రాచలం, తేదీ, టైము, స్కేలు అడుగులు, పెరుగుతున్నదా తగ్గుతున్నదా. లెక్క తొమ్మిదో తరగతి వాళ్ళం చేస్తాం.

కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం వాళ్ళకు భద్రాచలం ఒక్కటే చాలదు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్ళకు దారి దొరక్క వెనక్కి ఎగదన్ని చింతూరు వైపు ముంచుతుంది. కాబట్టి వాళ్ళకోసం కూనవరం అంకె, శబరి మీద పైనున్న కుంట అంకె కూడా రాయాలి. అయితే వాటికి 107 వాడొద్దు. అది భద్రాచలం స్కేలుదే. ప్రతి స్టేషనుకూ దాని హెచ్చరిక మట్టం పక్కనే రాసి ఉంటుంది. దానికి ఇంకా ఎంత తక్కువ ఉందో మీటర్లలోనే రాస్తే సరిపోతుంది.