మిశ్రమం లెక్కలో లాభం కూడా ఉంటే?

ప్రశ్న: కిలో 42 రూపాయల బియ్యాన్నీ 57 రూపాయల బియ్యాన్నీ ఏ నిష్పత్తిలో కలిపి కిలో 60 రూపాయలకు అమ్మితే 25 శాతం లాభం వస్తుంది?

జవాబు: మిశ్రమాల నిష్పత్తి ఎప్పుడూ కొన్నవెలల మధ్యే కట్టాలి. 60 రూపాయలు అమ్మినవెల కాబట్టి ముందుగా దాన్ని కొన్నవెలగా మార్చాలి. లాభశాతాన్ని కొన్నవెల మీద లెక్కిస్తారు. కొన్నవెల 100 అయితే అమ్మినవెల 125. ఆ ప్రకారం మిశ్రమం కొన్నవెల 60 × 100 ÷ 125 = 48 రూపాయలు.

చౌక బియ్యం మీద కిలోకు 48 − 42 = 6 రూపాయలు పెరుగుతుంది. ఖరీదైన బియ్యం మీద 57 − 48 = 9 రూపాయలు తగ్గుతుంది. పెరుగుదల, తగ్గుదల సమానం కావాలంటే చౌక రకం 9 పాళ్లు, ఖరీదైన రకం 6 పాళ్లు ఉండాలి. అంటే నిష్పత్తి 3 : 2.

సరిచూడటం: 3 × 42 + 2 × 57 = 240; 5 కిలోలకు పంచితే కిలో 48 రూపాయలు.

చాలామంది 60లో 25 శాతం, అంటే 15 తీసేసి, కొన్నవెల 45 అనుకుంటారు. అప్పుడు నిష్పత్తి 4 : 1 అవుతుంది, లాభం మాత్రం 33⅓ శాతానికి చేరుతుంది.

పాలలో నీళ్లు కలిపే లెక్కలకూ ఇదే పద్ధతి. నీటి వెలను సున్నాగా తీసుకోవాలి. ఏ లెక్కలోనైనా జవాబు రాగానే వెనక్కి వేసి సరిచూసుకోవాలి.